పెయ్యి పటం: రోగం సంగతిని బొమ్మలో, మాటలో, పాటలో పెట్టుకునే పద్ధతి

దవాఖానకు పోయిన ప్రతి మనిషి పేరు మీద ఒక ఫైలు తయారవుతుంది. ఓపీ చిట్టి, రక్తపరీక్ష కాయితాలు, ఎక్స్‌రే, స్కానింగు, గోలీల చిట్టి అన్నీ అందులో ఉంటాయి. రోగం పేరు విన్న రోజు బస్సులో కిటికీ పక్కన కూచొని ఏమనుకున్నారో, ఇంటికొచ్చి ముందుగా ఎవరికి చెప్పారో, ఎవరి దగ్గర దాచారో, ఆ రాత్రి బువ్వ తిన్నారో లేదో ఆ ఫైలులో ఎక్కడా దొరకదు. ఆ సంగతులకూ ఒక జాగా కావాలి. పెయ్యి అంటే ఒళ్లు. కాగితం మీద ఒంటి గీత గీసి, రోగం కతను గుడ్డ మీద గడుల్లో బొమ్మలుగా వేసి, పది మందికి చెప్పుకుంటూ, బొమ్మలు రానివాళ్లు, చదువు రానివాళ్లు కూడా ఆ జాగా చేసుకోగలిగే పద్ధతి ఇది. వరంగల్, జనగామ, ములుగు, కరీంనగర్ వైపు ఏ ఊళ్లోనైనా దొరికే సామాను చాలు.

ముందే ఒక మాట. ఇది మందు కాదు. గోలీలు, సూదులు, డయాలసిస్, కీమో, ఏది నడుస్తుంటే అది నడవాల్సిందే. పటం వేస్తే షుగర్ దిగుతుందని, గడ్డ కరుగుతుందని ఎవరైనా అంటే నమ్మకండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో కళలకూ ఆరోగ్యానికీ ఉన్న సంబంధం మీద 3,000కు పైగా అధ్యయనాలను ఒకచోట చేర్చి చూసింది. రోగంతో బతుకుతున్నవాళ్లకు కళ తోడుగా పనికొస్తుందన్నది అందులో తేలిన సంగతుల్లో ఒకటి. తోడుగా అన్న మాట దగ్గరే మనమూ ఆగుదాం.

ఈ పద్ధతికి రెండు మూలాలు. 2002లో దక్షిణాఫ్రికాలో, కేప్‌టౌన్ పక్కన ఖయెలిత్షా బస్తీలో హెచ్‌ఐవీ ఉన్న ఆడవాళ్లు నిలువెత్తు కాగితాల మీద తమ ఒంటి గీత గీయించుకొని, లోపల తమ కతను రంగులతో నింపారు. జేన్ సోలమన్ అనే చిత్రకారిణి వాళ్లతో కూచొని ఆ పనిని ఒక క్రమంలో పెట్టారు. తర్వాత అది ఎన్నో దేశాలకు, ఎన్నో రోగాలకు పాకింది. రెండోది మన చేర్యాల పటం. పద్మశాలీలకు కూనపులివాళ్లు, ముదిరాజులకు కాకిపడగలవాళ్లు, మాదిగలకు డక్కలివాళ్లు పటం విప్పి, కర్రతో ఒక్కో బొమ్మ చూపిస్తూ కులపురాణం చెప్తారు. పొడుగాటి గుడ్డ, దాని మీద వరుసగా గడులు, పక్కన నిలబడి చెప్పే మనిషి, ఎదురుగా ఊ కొట్టే జనం. రోగం కత చెప్పుకోవడానికి ఇంతకంటే కుదురైన ఏర్పాటు మాకు కనబడలేదు. కాబట్టి మొదట పెయ్యి గీత, తర్వాత గడుల పటం, ఆ తర్వాత చెప్పుకోవడం. ఈ వరుస మార్చకండి. రోగం కత నేరుగా అడిగితే ఎవరైనా డాక్టరుకు చెప్పినట్టే తారీఖులు, మందుల పేర్లు చెప్తారు. ఒంటి నుంచి మొదలుపెడితే మాట వేరేగా వస్తుంది.

సామాను

మామూలు చార్టు 22 × 28 అంగుళాలు ఉంటుంది. ఆరు చార్టులు తెచ్చి, నిలువుగా పెట్టి, అడ్డం రెండు, పొడుగు మూడు అతికిస్తే 44 × 84 అంగుళాలు వస్తుంది. అతుకుల్లో అంగుళం, రెండంగుళాలు పోయినా ఆరడుగుల మనిషి పడతాడు. టేపు వెనక వైపే వేయండి. ముందు వేస్తే టేపు మీద క్రేయాన్ జారుతుంది, సరిగ్గా ఛాతీ మధ్య రంగు పట్టని చార వస్తుంది. చార్టులకు బదులు ఖాకీ ప్యాకింగు కాగితం రోలైనా మంచిదే.

రంగులకు లావు మైనపు క్రేయాన్లు, ఆరు పోస్టర్ కలర్ సీసాలు, పొయ్యిలో బొగ్గు, పసుపు. అతికించడానికి చీర అంచు ముక్కలు, ఊలు దారం, పాత పేపరు, గోలీలు అయిపోయిన పట్టీలు. పట్టీల అంచు చెయ్యి కోస్తుంది. చేతులకు తిమ్మిరి ఉన్నవాళ్లకు కోసుకున్నది కూడా తెలియదు, కాబట్టి అంచుకు టేపు చుట్టి ఇవ్వండి.

గడుల పటానికి ముతక నూలు గుడ్డ, 18 అంగుళాల వెడల్పు, రెండున్నర మీటర్ల పొడుగు. గుడ్డకు పూత కావాలంటే చేర్యాల నకాషీలు, అంటే పటాలు వేసే చిత్రకారులు, వాడే చింతగింజల బంకే వాడుకోవచ్చు. పావుకిలో గింజలు దోరగా వేయించి, పొట్టు తీసి, రాత్రంతా నానబెట్టి, మెత్తగా రుబ్బి, రెండు లీటర్ల నీళ్లలో కలుపుతూ ఉడికించాలి. అడుగంటితే బంకలో నల్ల పలుకులు వస్తాయి, కాబట్టి గరిటె ఆపొద్దు. చల్లారాక వడగట్టి, అందులో సుద్దపొడి కొద్దికొద్దిగా కలిపి అంబలి లెక్క చేయాలి. మూడు పూతలు, ఒకటి పూర్తిగా ఆరాకే ఇంకొకటి. సుద్ద ఎక్కువైతే గుడ్డ చుట్టినప్పుడు పగుళ్లు వస్తాయి, బంక ఎక్కువైతే అంటుకుంటుంది, బొద్దింకలు కొరుకుతాయి. ఒక మూలను మడిచి చూస్తే తెలిసిపోతుంది. వానాకాలంలో ఈ పూత పెట్టుకోకండి, ఆరదు, బూజు పడుతుంది. పురుగు పట్టకుండా బంకలో మైలుతుత్తం కలిపే అలవాటు చాలామందికి ఉంది. అది విషం, రోగుల చేతులు తగిలే పటంలో వద్దు. ఇదంతా కుదరకపోతే పూత లేకుండా ఉత్త గుడ్డ మీద క్రేయాన్లతో వేసినా పని నడుస్తుంది.

తెల్లగుడ్డ వద్దు, ఉత్తరం తల వద్దు

బయటి దేశాల పద్ధతిని ఉన్నదున్నట్టు తెచ్చుకుంటే ఇక్కడ మొదటి గంటలోనే బెడిసికొడుతుంది. మనిషిని నేల మీద తెల్లటి దాని మీద పడుకోబెట్టి చుట్టూ గీత గీస్తే మన ఇళ్లలో అది ఏ దృశ్యంలా కనబడుతుందో చెప్పక్కర్లేదు. పక్కనున్న అవ్వ "గట్ల పండవెట్టకుర్రి" అని లేస్తుంది. ఆమె అన్నది మూఢనమ్మకమని కొట్టిపారేయొద్దు. పడుకున్న మనిషి మనసులో కూడా అదే మాట ఉంటుంది, బయటికి అనలేదంతే. అందుకని ఖాకీ కాగితం గానీ, పసుపుపచ్చ, లేత నీలం చార్టులు గానీ వాడండి. తల తూర్పుకో దక్షిణానికో పెట్టండి. కళ్లు తెరిచి, మాట్లాడుతూ, ఒక చెయ్యి పైకెత్తో, కాలు మడిచో, నడుస్తున్నట్టో, బతుకమ్మ ఆడుతున్నట్టో పడుకోమనండి. చేతులు రెండు పక్కలకు చాపి కదలకుండా ఉండమని మాత్రం ఎప్పుడూ అనొద్దు.

పడుకోవడం ఇష్టం లేనివాళ్లు, నడుము నొప్పివాళ్లు, ఆపరేషన్ కుట్లు ఉన్నవాళ్లు గోడకు అతికించిన కాగితం ముందు నిలబడితే చాలు. ఇంకా సులువైనది నీడ. చీకటి పడ్డాక మనిషిని గోడకు జానెడు దూరంలో కుర్చీలో పక్కకు తిప్పి కూచోబెట్టి, ఎనిమిది, పదడుగుల దూరంలో ఫోను టార్చి పెడితే గోడ మీద ఇంచుమించు మనిషంత నీడ పడుతుంది. టార్చి దగ్గరికొస్తే నీడ ఉబ్బుతుంది. నీడ పద్ధతిలో ఒంటికి చెయ్యి తగలదు, ఆడా మగా కలిసిన చోట అదే మంచిది. పడుకోబెట్టి గీసేటప్పుడైతే ఆడవాళ్లకు ఆడవాళ్లే గీయాలి. చీర కుచ్చిళ్ల వల్ల కాళ్ల మధ్య గీత రాదు, దాన్ని తర్వాత చేత్తో గీసుకోవచ్చు.

పెన్సిలు నిటారుగా పట్టుకోండి. మొన లోపలికి వాలితే గీత ఒంటి కిందికి పోయి మనిషి బక్కగా వస్తాడు, బయటికి వాలితే లావుగా వస్తాడు. టీబీతోనో క్యాన్సర్‌తోనో పది కిలోలు తగ్గి కుమిలిపోతున్న మనిషికి తన గీత ఉన్నదానికంటే సన్నగా కనబడితే ఆ రోజు పని అక్కడితో ఆగిపోతుంది. అందుకే ఈ చిన్న విషయం ఇంత గట్టిగా చెప్పడం.

మంచం దిగలేనివాళ్లకు, డయాలసిస్ మీద ఉన్నవాళ్లకు నిలువెత్తు గీత అక్కర్లేదు. ఏ4 కాగితాన్ని అట్టకు క్లిప్పు పెట్టి, అరచేయి గీసుకోమనండి. ఫిస్టులా (డయాలసిస్ సూదులు గుచ్చడానికి ఆపరేషన్‌తో కలిపిన రక్తనాళం) ఉన్న చేతిని కదిలించొద్దు, దాని మీద అట్ట గానీ బరువు గానీ ఆనించొద్దు. డయాలసిస్ ఒక్కో విడత నాలుగు గంటలు నడుస్తుంది, అందులో మొదటి గంట తర్వాత అరగంట చాలు. చివరి గంటలో బీపీ పడిపోయే అవకాశం ఎక్కువ, అప్పుడు పని పెట్టుకోవద్దు.

నొప్పికి గుర్తులు

గీత వచ్చాక వెంటనే రంగులు ఇవ్వకండి. ముందు మాటలు ఏరుకోవాలి. నొప్పికి మన దగ్గర ఉన్నన్ని మాటలు దవాఖాన కాయితంలో లేవు. అక్కడ "నొప్పి ఉందా, ఎక్కడ, ఒకటి నుంచి పదిలో ఎంత" అంటారు. మన దగ్గర సలుపు వేరు, పోటు వేరు, గుంజుడు వేరు, తీపు వేరు, మంట వేరు, తిమ్మిరి వేరు, పట్టేసినట్టుండడం వేరు, సూదులు గుచ్చినట్టుండడం వేరు. పానం గుంజుడు అసలు నొప్పే కాదు, అయినా అది లేకుండా చాలామంది రోగం సంగతి చెప్పలేరు.

ఒక్కో మాటకు ఒక్కో గుర్తు పెట్టుకోమనండి. సలుపుకు ఒకదానిలో ఒకటి సున్నాలు, పోటుకు బాణం, తిమ్మిరికి చుక్కలు, మంటకు అలల గీతలు, బరువుకు నింపేసిన ముద్ద, గుంజుడుకు సాగిన దారం. ఇవి మేము చెప్పే గుర్తులు, ఎవరి గుర్తులు వాళ్లు పెట్టుకుంటే ఇంకా మేలు. షుగర్ వచ్చి పదేళ్లయిన ఒక పెద్దమ్మ పాదం ఎలా వేస్తుందో చూడండి. వేళ్ల చివరల్లో ఏమీ ఉండదు, ఖాళీ. "గక్కడ చెప్పు జారి పోయినా ఎరుకుండది" అంటుంది. అరికాలు మధ్యలో మిరపపండు రంగు అలలు, "రాత్రి అయితె మిరపకాయ రాసినట్టు మండుతది". మడమ దగ్గర పగుళ్ల గీతలు. ఒక్క పాదంలో మూడు రకాల సంగతి. ఆ ఖాళీ ఎంత ముఖ్యమో డాక్టరుకు తెలుసు, స్పర్శ పోయిన చోటే పుండు మొదలవుతుంది. అందుకని ఈ నొప్పి గుర్తుల వరకు ఒక చిన్న కాగితం మీద మళ్లీ వేసుకొని, పక్కన తెలుగులో రెండేసి మాటలు రాసి, తర్వాతి చెకప్‌కు తీసుకుపోండి. ఓపీలో దొరికే నాలుగైదు నిమిషాల్లో చెప్పలేని సంగతి ఆ కాగితం చెప్తుంది.

గుర్తుల తర్వాతే రంగు. రంగులో అడగాల్సిన ప్రశ్నలు నాలుగే: రోగం ఎక్కడుంది, మందు ఎక్కడికి పోతున్నది, బలం ఎక్కడుంది, ఎవరికీ చూపించని చోటు ఏది. చివరి ప్రశ్నకు జవాబు గీసి, దాని మీద కాగితం ముక్క అతికించి కప్పేసుకోవచ్చని ముందే చెప్పండి. కప్పుకోవచ్చని తెలిస్తేనే చాలామంది గీస్తారు.

రంగుకు అర్థం చెప్పకండి

ఇది అన్నిటికంటే ఎక్కువగా జరిగే తప్పు. నలుపు వేస్తే దిగులు, ఎరుపు వేస్తే కోపం అని ఎక్కడో చదివి వచ్చినవాళ్లు పటం చూడగానే తీర్పు చెప్పేస్తారు. ఎరుపు నెత్తురూ కావచ్చు, కుంకుమా కావచ్చు, సమ్మక్క గద్దె దగ్గరి బట్టా కావచ్చు. తెలుపు ఒకామెకు మల్లెపూలు, ఇంకొకామెకు మొగడు పోయిన ఏడు. వేసిన మనిషిని అడగాల్సిందే. అడిగేదైనా "ఇదెందుకు వేసినవ్" అని కాదు. "ఇది ఏందో చెప్పు అక్కా, ఇంటం" అనాలి. ఎందుకు అంటే తప్పు చేసినట్టు సంజాయిషీ చెప్పుకుంటారు.

"మస్తు మంచిగ వేసినవ్" అని మెచ్చుకోవడం కూడా ఆపండి. ఒకరిని మెచ్చుకుంటే పక్కనామె తన పటాన్ని మడిచేస్తుంది. సూర్యోదయం వెయ్యి, నవ్వుతున్న మొహం వెయ్యి అని ధైర్యం పురమాయించడం ఇంకా తప్పు. కొందరు అన్నిటికంటే ముందు దేవుణ్ని వేస్తారు, ఎల్లమ్మనో, మల్లన్ననో, దర్గానో, సిలువనో. వెయ్యనివ్వండి. ఆ బొమ్మ వేశాకే చెయ్యి కుదురుకుంటుంది. కొడుకో, కోడలో "ఉండు, నేను గీస్తా" అని పెన్సిలు గుంజుకుంటే మాత్రం మర్యాదగా బయటికి పంపించి చాయ తాగి రమ్మనండి.

ఆరు గడుల పటం

రెండున్నర మీటర్ల గుడ్డ మీద 12 అంగుళాల గడులు ఆరు, వాటి మధ్యా చివర్లలో అంగుళం పట్టీలు ఏడు, ఆఖర్న మూరెడు ఖాళీ. లెక్క 97 అంగుళాలు, సరిపోతుంది. పట్టీల్లో తంగేడు, గునుగు పూల తీగ వేసుకోవచ్చు. వేసేది తోచనప్పుడు చేతికి పని ఉంటుంది. చేర్యాల పటానికి వెనక ఎరుపు నింపుతారు. మీకు ఇష్టమైతే అదే నింపండి, లేదా ఒక్కో గడికి ఒక్కో రంగు.

ఒకటో గడి, రోగానికి ముందు ఒక మామూలు రోజు. నాట్లేయడం, బీడీలు చుట్టడం, మగ్గం, ఆటో, ఏదైనా. రెండోది, ఒంట్లో మొదటి తేడా. మూడోది, తిరిగిన తిరుగుడు. ఈ గడి మన దగ్గర ఎప్పుడూ నిండుగా ఉంటుంది. ఆర్‌ఎంపీ డాక్టరు, పసరు మందు, తాయెత్తు, దిష్టి తీయడం, గాంధీకో నిమ్స్‌కో హైదరాబాదు ప్రయాణం, అమ్మిన మేకలు, తాకట్టు పెట్టిన పుస్తెలు. డాక్టరు తిడతాడని పసరు సంగతి దాచే అలవాటు ఉంటుంది కాబట్టి, పటాన్ని దవాఖానలో చూపించాల్సిన పని లేదని గట్టిగా చెప్పండి. అయితే ఇప్పటికీ ఏదైనా నాటుమందు తింటున్నారని గడిలో బయటపడితే, ఆ సంగతి డాక్టరుకు చెప్పమని తర్వాత ఒంటరిగా కూచొని నచ్చజెప్పాలి. కొన్ని మందులకు అవి పడవు, కిడ్నీల మీద పడేవి కూడా ఉంటాయి.

నాలుగో గడి, రోగం పేరు విన్న నిమిషం. దీనికి మిగతా గడులకంటే రెట్టింపు సమయం పెట్టండి. ఇక్కడ చాలామంది పెద్ద బొమ్మ వేయబోయి ఆగిపోతారు. ఏం వేయాలో తోచనప్పుడు చిన్న వస్తువు అడగండి. చేతిలో ఏముంది? ఓపీ చిట్టి మడిచి ఉందా, నలిగి ఉందా? కాళ్లకు చెప్పులున్నయా, బయట విడిచిండ్రా? ఫ్యాను చప్పుడు చేస్తున్నదా? డాక్టరు మీ మొహం చూసి చెప్పిండా, కాయితం చూసి చెప్పిండా? నెత్తురు తీసిన సీసా మూత ఏ రంగు? ఊదా రంగు మూత సీసాలో రక్తకణాల పరీక్షకు తీస్తారు, బూడిద రంగు మూతలో షుగర్‌కు తీస్తారు. ఆ మూత రంగు చాలామందికి ఏళ్ల తర్వాత కూడా గుర్తుంటుంది, డాక్టరు చెప్పిన వాక్యం గుర్తుండదు. కాబట్టి గడిలో సీసా మూత ఒక్కటే ఉన్నా నిండిన గడే. డాక్టరు అన్న మాట గుర్తుంటే అచ్చంగా అదే మాట, "ఏం కాదు పెద్దాయనా" అన్నా, "ఇంత లేటుగ ఎందుకొచ్చిండ్రు" అన్నా, అలాగే రాయండి. మర్యాదగా మార్చి రాయకండి.

అయిదోది, ఎవరికి చెప్పారు, ఎవరికి చెప్పలేదు. దుబాయ్‌లో ఉన్న కొడుకుకు చెప్పకపోవడం, బిడ్డ పెండ్లి అయ్యేదాకా దాచడం, అన్నీ ఇక్కడికే వస్తాయి. ఆరోది, ఈ వారం. ఆరోగ్యం వచ్చిన రోజు కాదు, రేపటి ఆశ కాదు, ఈ వారం.

కర్ర పట్టుకొని చెప్పడం

పటం అయ్యాక గోడకు కట్టి, చేతికి మూరెడు కర్రో, స్కేలో ఇవ్వండి. పటం చెప్పేవాళ్లు కర్రతో చూపిస్తూ పక్కన నిలబడతారు కదా, అందులో ఒక ఉపాయం ఉంది. బొమ్మ అక్కడ, మనిషి ఇక్కడ, మధ్య కర్ర. నేను అని చెప్పలేని సంగతి కూడా కర్ర చివర చూపిస్తూ "గామె గప్పుడు గట్ల కూలవడ్డది" అని చెప్పొచ్చు. మొదటిసారి చెప్పేటప్పుడు నేను వద్దు, ఆమె, అతను అనే చెప్పమనండి. రెండోసారి ఇష్టమైతే నేను.

వినేవాళ్ల పని ఊ కొట్టడమే. నాకూ ఇట్లనే అయింది, ఫలానా డాక్టరు దగ్గరికి పో, మెంతులు నానబెట్టుకొని తిను, ఇవేవీ వద్దు. ఒక్కొక్కరికి పది నిమిషాలు. చెప్పడం అయ్యాక అర నిమిషం ఎవరూ మాట్లాడకుండా ఉండి, అందరికీ మంచినీళ్లు ఇవ్వండి.

బొమ్మ కంటే గొంతు దగ్గరైనవాళ్లు ఉంటారు. వాళ్లకు బతుకమ్మ పాట నడక ఇవ్వండి. చిన్న చిన్న ముక్కలు, ప్రతి ముక్క చివర ఉయ్యాలో. ఒకరు అంటే మిగతావాళ్లు తిరిగి అంటారు, అలా తిరిగి అనేలోపు తర్వాతి మాట దొరుకుతుంది.

సోమారం పొద్దున్న ఉయ్యాలో
సూది గుచ్చిండ్రమ్మ ఉయ్యాలో
ఊదా మూత సీస ఉయ్యాలో
నా నెత్తురు వోసె ఉయ్యాలో
పేరు వెట్టి పిలిచె ఉయ్యాలో
నా పేరు గాదది ఉయ్యాలో

ప్రాస కుదరకపోయినా పరవాలేదు. టీబీ మందు మొదలుపెట్టిన తొలి వారాల్లో ఉన్నవాళ్లతో గదిలో పాడించొద్దు, పాడేటప్పుడు దగ్గినట్టే గాల్లోకి తుంపర్లు పోతాయి. డాక్టరు సరే అనేదాకా వాళ్లు చెట్టు కింద బొమ్మలు వేసుకుంటారు.

రాసే అలవాటు ఉన్నవాళ్లకు నాలుగు రోజుల పద్ధతి ఉంది. అమెరికాలో జేమ్స్ పెన్నెబేకర్, శాండ్రా బీల్ 1986లో ప్రచురించిన ప్రయోగంలో విద్యార్థులు వరుసగా నాలుగు రోజులు, రోజుకు 15 నిమిషాలు, మనసును కలచిన సంగతి గురించి రాశారు. జరిగిందీ, దానికి మనసులో కలిగిందీ రెండూ రాసినవాళ్లకు రాసిన వెంటనే మనసు బరువెక్కింది, తర్వాతి నెలల్లో మాత్రం వాళ్లు వైద్యం కోసం పోవడం తగ్గింది. 1999లో ఉబ్బసం, కీళ్లవాతం ఉన్న రోగులతో మూడు రోజులు, 20 నిమిషాల చొప్పున రాయించి చూస్తే నాలుగు నెలలకు కొందరిలో మెరుగు కనబడింది. తర్వాతి ప్రయోగాల ఫలితాలు అన్నీ ఒక్క తీరుగా లేవు. మీరు చేసేదైతే ఇలా చేయండి: రోగం పేరు తెలిసి కనీసం నెల దాటాక, ఎవరూ చదవరన్న భరోసాతో, పెన్ను ఆపకుండా, తప్పులు దిద్దకుండా. రాసిన వెంటనే ఏడుపొస్తే అది పద్ధతి చెడిపోయినట్టు కాదు. నాలుగో రోజు తర్వాత కూడా బరువు దిగకపోతే ఆపేయండి.

ఎవరికి ఏది పడదు

కీమో నడుస్తూ తెల్లకణాలు తగ్గినవాళ్లకు పచ్చి పూలు, మట్టి, తడి బంక వద్దు, వాటిలోని బూజుతో ఇన్ఫెక్షన్ రావచ్చు. కొత్త క్రేయాన్లు, శుభ్రమైన కాగితం ఇవ్వండి. ఉబ్బసం ఉన్నవాళ్ల దగ్గర సుద్దపొడి దులపొద్దు, తార్పిన్ వాసన రంగులు వద్దు. సికిల్‌సెల్ (పుట్టుకతో వచ్చే రక్తకణాల రోగం) ఉన్న పిల్లలను చలికాలంలో బండల మీద కూచోబెట్టొద్దు. చలికీ, నీళ్లు తక్కువ తాగినా నొప్పులు లేస్తాయి, చాప వేసి, గంటకోసారి నీళ్లు తాగించండి. వేళ్లు పట్టు తప్పినవాళ్లకు క్రేయాన్ చుట్టూ గుడ్డ పేలిక చుట్టి లావు చేయండి.

షుగర్ మందు వేసుకున్నవాళ్లను అన్నం వేళ దాటేదాకా కూచోబెట్టొద్దు. చెమటలు పట్టి, చేతులు వణికి, మాట తడబడితే మనసు కరిగిందనుకోకండి, షుగర్ పడిపోయి ఉండొచ్చు. వెంటనే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగించి, 15 నిమిషాలు చూడాలి. వణుకు, చెమటలు తగ్గకపోతే మళ్లీ అంతే ఇచ్చి, దవాఖానకు తీసుకుపోవాలి. స్పృహ తప్పితే నోట్లో ఏదీ పోయొద్దు, 108కి ఫోన్ చేయండి.

గుంపుగా చేసేటట్టయితే ఆరుగురు, మించితే ఎనిమిదిమంది. వారానికోసారి, రెండేసి గంటలు, అయిదు వారాలు. నాట్లప్పుడూ, పత్తి ఏరేటప్పుడూ పెట్టుకుంటే సగంమంది రారు. బీడీలు చుట్టేవాళ్లకైతే బీడీలు అప్పజెప్పే వేళ అడిగి పెట్టుకోండి.

ఏడుపు వస్తే రానివ్వండి, నీళ్లివ్వండి, భుజం మీద చెయ్యి వేసే ముందు అడగండి. కానీ "ఇగ బతుకుడెందుకు" అన్న మాటను ఎప్పుడూ మామూలు మాటగా తీసుకోవద్దు. పని ఆపి, పక్కకు తీసుకుపోయి, చచ్చిపోవాలనిపిస్తున్నదా అని సూటిగా అడగండి. అడిగితే ఆ ఆలోచన పుడుతుందన్న భయం అక్కర్లేదు. అవునంటే ఒంటరిగా వదలొద్దు, ఇంట్లో పురుగుమందు డబ్బాలు తీయించండి, మనసు బాధలకు సాయం చేసే టెలిమానస్ నంబరు 14416కు అక్కడి నుంచే ఫోన్ కలపండి. రోజంతా పనిచేసే ఉచిత నంబరు అది, తెలుగులో మాట్లాడతారు.

కాయితాలు, ఫొటోలు, దాచుకోవడం

అసలు రిపోర్టులు కత్తిరించి అతికించకండి, ఆరోగ్యశ్రీకి, తర్వాతి చెకప్‌లకు అవే కావాలి. జిరాక్స్ తీసి వాడుకోండి. ఈసీజీ వచ్చేది వేడికి స్పందించే కాగితం మీద, ఎండలో పెట్టినా, ఇస్త్రీ తగిలినా నల్లబడుతుంది, ఊరికే ఉంచినా కొన్నేళ్లకు చెరిగిపోతుంది. దాని జిరాక్స్ మొదటి రోజే తీయాలి.

పటం ఫొటో తీసేముందు వేసిన మనిషిని అడగాలి, వాట్సాప్‌లో పెట్టేముందు మళ్లీ అడగాలి. మొహం లేకపోయినా చీర అంచు చూసి ఊరంతా గుర్తుపడుతుంది. హెచ్‌ఐవీ విషయమైతే, నమ్మి చెప్పిన సంగతిని ఆ మనిషి ఒప్పుకోకుండా బయటపెట్టడానికి 2017 చట్టం కూడా ఒప్పుకోదు.

దాచేటప్పుడు మడవొద్దు, మడిచిన చోట రంగు రాలుతుంది. లావు అట్టగొట్టానికి బొమ్మ బయటివైపు ఉండేలా చుట్టి, పాత నూలు గుడ్డలో ఎండు వేపాకు వేసి కట్టండి. బొమ్మ లోపలికి చుడితే పూత నలిగి లేస్తుంది. కొందరు దాచుకోరు, కాల్చేస్తామంటారు, వాగులో వదిలేస్తామంటారు. అది వాళ్ల పటం. ఒక్క రోజు ఆగి, మళ్లీ అడిగి, అప్పటికీ అదే అంటే కాల్చనివ్వండి. ప్లాస్టిక్ పట్టీలు మాత్రం ముందే ఊడదీయండి.

దాచుకునేవాళ్లయితే ఆఖరి మూరెడు గుడ్డను అలాగే ఖాళీగా చుట్టమనండి. షుగర్‌వాళ్లకు మూడు నెలల సగటు పరీక్ష మళ్లీ వస్తుంది, క్యాన్సర్ చికిత్స అయినవాళ్లకు చెకప్ తారీఖు ఉంటుంది. ఆ రోజు దవాఖాన నుంచి వచ్చాక పటం విప్పి, ఏడో గడికి పట్టీ గీయడానికి ఆ జాగా.